పని దొరకని ఊళ్లో నిరుద్యోగం ఎందుకు తక్కువ?

మధ్యప్రదేశ్‌లో నిరుద్యోగం 1 శాతం. కేరళలో 7.2 శాతం. 2023-24 సంవత్సరానికి కేంద్ర గణాంక శాఖ ఇచ్చిన లెక్కలివి. 15 నుంచి 29 ఏళ్ల యువతను మాత్రమే చూస్తే తేడా మరీ పెద్దది. మధ్యప్రదేశ్‌లో 2.6 శాతం, కేరళలో 29.9 శాతం. దేశం మొత్తం మీద, 15 ఏళ్లు దాటిన అందరినీ కలిపితే 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్ 4.1 దగ్గర, తెలంగాణ 4.8 దగ్గర ఉన్నాయి.

ఈ అంకెలు పేపర్లో పట్టికగా వచ్చినప్పుడు చాలామంది మార్కుల జాబితా చదివినట్టు చదువుతారు. తక్కువ శాతం ఉన్న రాష్ట్రం బాగున్నట్టు, ఎక్కువ ఉన్నది వెనకబడినట్టు. కానీ రైళ్లలో ఎవరు ఎటు వెళుతున్నారో గమనిస్తే కథ తిరగబడుతుంది. బెంగాల్, అస్సాం, ఒడిశా, బిహార్ నుంచి కూలీలు పని కోసం కేరళకు వెళుతున్నారు. కేరళ నుంచి కూలిపనికి మధ్యప్రదేశ్ వెళ్లేవారు కనబడరు. కూలి రేట్లు చూసినా అంతే. రిజర్వు బ్యాంకు లెక్కల్లో 2022-23లో కేరళ పల్లెల్లో నిర్మాణ కూలీకి రోజుకు సగటున 852 రూపాయలు వచ్చాయి. మధ్యప్రదేశ్‌లో 278. మూడో వంతు కూడా లేదు.

కూలి ఎక్కువ ఉన్నచోట, బయటివాళ్లు కూడా వచ్చి పని చేసుకుంటున్నచోట నిరుద్యోగం ఎక్కువ. కూలి గిట్టనిచోట నిరుద్యోగం లేనట్టే. ఈ చిక్కుముడి విప్పితే రాష్ట్రానికీ రాష్ట్రానికీ, జిల్లాకూ జిల్లాకూ మధ్య తేడాలు ఎందుకు వస్తాయో చాలావరకు అర్థమవుతుంది.

ముందు ఆ రేటు ఎలా వస్తుందో చూడాలి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఈ లెక్క పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే నుంచి వస్తోంది. సర్వే సిబ్బంది ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఒక్కొక్కరూ ఏం చేస్తున్నారో అడుగుతారు. పని లేని ప్రతి మనిషినీ నిరుద్యోగి అని రాసుకోరు. పని లేకపోవడంతో పాటు పని వెతుకుతూ ఉండాలి, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండాలి. అలాంటివారే నిరుద్యోగులు. పనిలో ఉన్నవారినీ ఈ నిరుద్యోగులనూ కలిపితే శ్రామిక శక్తి (పని చేస్తున్నవారు, పని అడుగుతున్నవారు) అవుతుంది. శ్రామిక శక్తిలో ప్రతి నూరుమందికి ఎందరు నిరుద్యోగులో అదే నిరుద్యోగిత రేటు. కాలేజీలో చదువుకునే పిల్ల, బయట పని అడగని గృహిణి, పని మానుకున్న ముసలాయన ఈ భిన్నంలో లవంలోనూ ఉండరు, హారంలోనూ ఉండరు.

'పని' అనే మాటకూ ఒక నిర్వచనం ఉంది. పైన చెప్పిన రేట్లు సాధారణ స్థితి (గడిచిన ఏడాది మొత్తం మీద మనిషి ఏం చేశాడన్న లెక్క) ప్రకారం వచ్చినవి. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగానే ఉన్నా, కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేసి ఉంటే ఆ మనిషి ఉపాధిలో ఉన్నట్టే. సొంత పొలంలో, ఇంటివాళ్ల దుకాణంలో జీతం లేకుండా చేయి వేసినా అది పనే. వారం స్థితి అని ఇంకో లెక్క ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా అందులో ఉపాధి కిందికే వస్తుంది. ఆ పని వల్ల ఎంత వచ్చింది, కడుపు నిండిందా అన్నది నిరుద్యోగిత రేటు అడగదు.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. మక్తల్ దగ్గర ఒక పల్లె, రెండెకరాల మెట్ట. తండ్రి పత్తి, కంది వేస్తాడు. తల్లి పత్తి ఏరే కాలంలో నలభై రోజులు కూలికి పోతుంది. పెద్దకొడుకు, కోడలు పుణెలో కట్టడాల పనికి వెళ్లి ఎనిమిది నెలలైంది. చిన్నకొడుకు డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చుని ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-4 పరీక్షకు చదువుతున్నాడు. సర్వే మనిషి వచ్చి తలుపు తట్టింది. పెద్దకొడుకునూ కోడలినీ ఇక్కడ రాయరు. ఆరు నెలలకు మించి బయటున్నారు కాబట్టి వాళ్లు ఆ ఇంటి లెక్కలో లేరు. తండ్రి రైతు, ఉపాధిలో ఉన్నాడు. తల్లికి నలభై రోజుల కూలి ఉంది, ఆమె కూడా ఉపాధిలో ఉన్నట్టే. చిన్నకొడుకు 'ఉద్యోగం కోసం చూస్తున్నా' అంటే ముగ్గురి శ్రామిక శక్తిలో ఒక నిరుద్యోగి. ఆ ఇంటి రేటు 33 శాతం. అతనే 'కోచింగులో చేరి చదువుకుంటున్నా' అంటే విద్యార్థి కింద పక్కకు తప్పుకుంటాడు. రేటు సున్నా. తల్లి ఇంట్లో లేని సమయంలో తండ్రి జవాబు చెబుతూ, ఆమె ఏం చేస్తుందంటే 'ఇంటిపనే' అని ఊరుకుంటే? అప్పుడు ఆమె కూడా లెక్క నుంచి పోతుంది. తండ్రి, ఉద్యోగం కోసం చూస్తున్న చిన్నకొడుకు మిగిలితే రేటు 50 శాతం. ఇల్లు అదే. మనుషులు వాళ్లే. వాళ్ల ఆదాయంలో ఒక్క రూపాయి తేడా లేదు.

వేల ఇళ్లు కలిపి చూసినప్పుడు ఇలాంటి ఊగిసలాట కొంత సర్దుకుంటుంది. కానీ ఒక ప్రాంతంలో అందరూ ఒకే రకంగా బతికితే అది సర్దుకోదు, ఆ ప్రాంతపు ముద్రగా మిగిలిపోతుంది. కేరళకూ మధ్యప్రదేశ్‌కూ మధ్య తేడాకు మొదటి కారణం ఇదే. పేదవాడు నిరుద్యోగిగా ఉండలేడు. పొద్దున లేస్తే ఏదో ఒకటి చేయాలి, లేకపోతే పొయ్యి వెలగదు. 278 రూపాయలకైనా వెళతాడు, అదీ దొరక్కపోతే అన్న పొలంలోనే తానూ దిగుతాడు. నలుగురు చేసే పనిని ఆరుగురు పంచుకుంటారు, ఆరుగురూ ఉపాధిలో ఉన్నట్టు నమోదవుతారు. దీన్ని ప్రచ్ఛన్న నిరుద్యోగం (బయటికి పనిగా కనిపించే పనిలేమి) అంటారు. కేరళలో ఇంటర్, డిగ్రీ దాటిన పిల్లలు ఎక్కువ. ఇంట్లో ఒకరు గల్ఫ్ నుంచి డబ్బు పంపుతుంటారు. చదువుకు తగ్గ ఉద్యోగం వచ్చేదాకా ఆగగలరు. ఆ ఆగడాన్నే సర్వే నిరుద్యోగంగా కొలుస్తుంది. కేరళ యువతకు కష్టం లేదని నేననడం లేదు. ఎంతో చదివి ఏళ్ల తరబడి ఎదురుచూడటం చిన్న బాధ కాదు. అయితే అది మధ్యప్రదేశ్ పల్లె కూలీ బాధకంటే వేరే రకం బాధ. ఒకే అంకెతో రెండింటినీ తూచలేం.

రెండో కారణం వలస. ఉత్తర తెలంగాణలో ఒక నానుడి ఉంది: 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి'. మనిషి బతుకుదెరువుకు ఉన్న దారులన్నీ ఆ మూడు మాటల్లోనే చెప్పేశారు. సింగరేణి గనిలో ఉద్యోగం, లేకపోతే బొంబాయి మిల్లు, అదీ కాకపోతే గల్ఫ్. ఈ మూడింటిలో రెండు ఊరు విడిచి వెళ్లేవే. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు ఆనకట్టల పనులకు దేశమంతా తీసుకుపోయారు. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో వారిలో కొందరు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. సముద్రం పక్కనే ఊరు పెట్టుకుని, ఇంకో సముద్రానికి కూలికి వెళ్లాల్సిన పరిస్థితి వాళ్లది. పొట్ట చేతబట్టుకుని అలా వెళ్లి ఆరు నెలలు దాటినవారెవరూ సొంత జిల్లా నిరుద్యోగ లెక్కలో ఉండరు.

దీని ప్రభావం చిన్న లెక్కతో చెప్పొచ్చు. ఒక ఊరి శ్రామిక శక్తి వంద, అందులో పని లేనివారు పది మంది. రేటు 10 శాతం. ఆ పదిమందిలో ఆరుగురు హైదరాబాద్ బస్సెక్కారు. ఇప్పుడు 94 మందిలో నలుగురు, రేటు 4.3 శాతం. మిగిలిన నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లు పని అడిగి అడిగి విసిగి మానుకున్నారు. ఇప్పుడు 92 మందిలో ఇద్దరు, రేటు 2.2 శాతం. నిరుద్యోగం ఐదో వంతుకు పడింది. ఊళ్లో ఒక్క కొత్త పనీ పుట్టలేదు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. 1992లో ఆర్థికవేత్తలు ఒలివర్ బ్లాంచర్డ్, లారెన్స్ కట్జ్ అమెరికా రాష్ట్రాలను పరిశీలించారు. ఒక రాష్ట్రంలో పరిశ్రమలు దెబ్బతిన్నప్పుడు నిరుద్యోగం పెరుగుతుంది, ఐదు నుంచి ఏడేళ్లలో మళ్లీ మామూలు స్థాయికి దిగుతుంది. అయితే అది దిగేది ఎక్కువగా కొత్త కంపెనీలు రావడం వల్ల కాదు, జనం వెళ్లిపోవడం వల్ల. తర్వాతి కాలంలో అమెరికాలో ఆ కదలిక కూడా తగ్గింది. చైనా దిగుమతుల దెబ్బకు ఫ్యాక్టరీలు పోయిన ప్రాంతాల్ని ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడివాళ్లు పెద్దగా వలస వెళ్లలేదని, పని పోయి అక్కడే ఉండిపోయారని తేలింది.

మనిషి కదలకపోవడానికి కారణాలు ఊహించడం కష్టమేమీ కాదు. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, అమ్ముడుపోని ఇల్లు, పిల్లల బడి, కొత్తచోట అద్దె. అందుకే వలస కూడా అన్ని ఊళ్లలో ఒకేలా జరగదు. ముందు వెళ్లినవాళ్లు వేసిన బాటలోనే తర్వాతివాళ్లు వెళతారు. ఒక మండలంలో మేస్త్రీ ఉంటాడు, తెలిసినవాళ్ల గది ఉంటుంది. పక్క మండలంలో అవేవీ ఉండవు. వర్షం ఒకటే, నేల ఒకటే అయినా నిరుద్యోగం వేరుగా ఉంటుంది.

ఇక పనులు అసలు కొన్నిచోట్లే ఎందుకు పుడతాయన్నది మూడో సంగతి. కొంత భూమి చేసిన ఏర్పాటు, కొంత మనుషులు చేసిన ఏర్పాటు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో రెండు పంటలు, వాటి వెంట రైసుమిల్లులు, వ్యాపారం, చదువు వచ్చాయి. వర్షాధారపు వేరుశనగ మీద బతికే అనంతపురానికి ఆ గొలుసు దొరకలేదు. పంట అయిపోయాక పనీ అయిపోయేది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలు కావడంలో అర్థముంది.

ఒకే పరిశ్రమ మీద ఆధారపడిన ఊరు మరీ సున్నితమైనది. నిజాం కాలంలో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన పట్టణం కాగజ్‌నగర్. కాగితం పేరే ఊరి పేరైంది. 2014లో ఆ మిల్లు మూతపడింది. మిల్లు మూతపడితే కార్మికుడి జీతంతో ఆగదు. మొదట కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. ఆ తర్వాత షావుకారు అప్పివ్వడం ఆపుతాడు, దర్జీకి బట్టలు రావు, టిఫిన్ బండికి గిరాకీ ఉండదు, ట్యూషన్ చెప్పే అమ్మాయికి పిల్లలు తగ్గుతారు. వీళ్లెవరూ మిల్లు ఉద్యోగులు కారు, అయినా మిల్లు జీతం మీదే బతికినవాళ్లు. జేకే పేపర్ సంస్థ 2018లో మిల్లును తీసుకున్నాక అక్కడ మళ్లీ ఉత్పత్తి మొదలైంది. బోధన్‌కు ఆ అదృష్టం కలగలేదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ అక్కడి చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడకుండానే పని తగ్గే మార్గం సింగరేణిలో చూడొచ్చు. 1990ల మొదట్లో సంస్థలో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు, ఏటా తవ్విన బొగ్గు 2 కోట్ల టన్నుల అటూఇటూ. 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు, కార్మికులు 40 వేల చిల్లర. అండర్‌గ్రౌండ్ గనుల నుంచి ఓపెన్‌కాస్ట్‌కు మారడం, యంత్రాలు రావడం దీనికి ముఖ్య కారణాలు. కంపెనీ లెక్కలో ఇది ప్రగతే. బెల్లంపల్లి లాంటి పట్టణంలో మాత్రం తండ్రి ఉద్యోగం కొడుకుకు వస్తుందన్న నమ్మకంతో పెరిగిన ఒక తరం ఖాళీ చేతులతో నిలబడింది. వారసత్వ ఉద్యోగాల కోసం అక్కడ ఏళ్ల తరబడి సాగిన పోరాటాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

మరి ఫ్యాక్టరీ తెస్తే సరిపోతుందా? కొంతవరకే. అమెరికా నగరాల మీద ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి 2010లో వేసిన అంచనా ప్రకారం, బయటి మార్కెట్‌కు సరుకు తయారుచేసే ఒక్కో ఉద్యోగం వెంట స్థానికంగా 1.6 ఇతర ఉద్యోగాలు పుడతాయి. పైన చెప్పిన కిరాణా కొట్టు గొలుసు ఇక్కడ ఎదురు దిశలో నడుస్తుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగలిగేలా కట్టిన ప్లాంటు అది. కానీ అసెంబ్లీ లైను మీదికి డిప్లొమా, ఐటీఐ చదివిన పాతికేళ్ల కుర్రాడు కావాలి. పక్క ఊళ్లో వేరుశనగ నష్టపోయిన నలభై ఐదేళ్ల రైతు అందులో సరిపోడు. దీన్ని నైపుణ్యాల పొంతన లేకపోవడం అంటారు. ఇలాంటిచోట పక్క జిల్లాల చదువుకున్నవాళ్లు వచ్చి ఉద్యోగాల్లో చేరడం, స్థానిక రైతు బెంగళూరుకు వాచ్‌మన్ పనికి వెళ్లడం రెండూ ఒకేసారి జరగొచ్చు. ఫ్యాక్టరీ కన్నా ముందు ఆ చుట్టుపక్కల ఐటీఐ బాగుపడాలన్నది నా అభిప్రాయం. ఫ్యాక్టరీ వచ్చాక మొదలుపెడితే మొదటి విడత ఉద్యోగాలు అప్పటికే నిండిపోతాయి.

నగరంలో ఉద్యోగాలు పెరిగితే అక్కడ నిరుద్యోగం తగ్గాలి కదా? ఇదీ తిన్నగా జరగదు. ఆర్థికవేత్తలు జాన్ హారిస్, మైఖేల్ టొడారో 1970లో చెప్పిన వివరణ ఇప్పటికీ పనికొస్తుంది. పల్లె మనిషి నగరంలో జీతం ఎంతో చూస్తాడు, అది దొరికే అవకాశం ఎంతో అంచనా వేస్తాడు. రెండింటినీ కలిపి చూసి ఊళ్లో కూలికన్నా మేలనిపిస్తే బయల్దేరతాడు. నగరంలో వంద ఉద్యోగాలు కొత్తగా వస్తే వాటి ఆశతో రెండొందల మంది రావచ్చు. హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని, మెస్సులో తిని, స్టడీ హాల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుతూ గంటలు గడిపే పిల్లల్ని చూస్తే ఈ సూత్రం కళ్లముందు కనిపిస్తుంది. 2022 చివర్లో తెలంగాణలో గ్రూప్-4 ప్రకటన వచ్చింది. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు 9 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 'ఉద్యోగం కోసం చూస్తున్నాం' అంటే ఆ పిల్లల నిరుద్యోగం సర్వేలో నగరం ఖాతాలో పడుతుంది. దాన్ని పుట్టించింది మాత్రం ఏ పనీ మిగలని వాళ్ల సొంత ఊళ్లు.

స్థానిక ఉపాధి మార్కెట్ ఎంత పెద్దది అన్న ప్రశ్నకూ ఒక జవాబుంది. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగినంత పెద్దది. మగవాడికి బైకు ఉంటే అది నలభై కిలోమీటర్లు కావచ్చు. బస్సు లేని ఊరి ఆడమనిషికి అది నడిచి వెళ్లే దూరమే. అచ్యుతాపురం బ్రాండిక్స్ దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలమంది మహిళలు పనిచేస్తున్నారంటే, ఊరూరికీ వెళ్లి తెచ్చే బస్సులు ఉండబట్టే. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. బస్సు వల్ల కొత్త ఉద్యోగం పుట్టదు, ఉన్న ఉద్యోగం అందేంత దూరంలోకి వస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్లు ధైర్యంగా పని అడగడం మొదలుపెడితే మొదట్లో నిరుద్యోగిత రేటు పెరుగుతుంది. అప్పుడు జిల్లా చెడిపోయిందని కంగారు పడకూడదు.

కాబట్టి ఒక ప్రాంతం సంగతి తెలియాలంటే నిరుద్యోగిత రేటు పక్కన ఇంకో మూడు చూడాలి. పని వయసువారిలో ఎందరు శ్రామిక శక్తిలో ఉన్నారు, రోజు కూలి ఎంత, ఎందరు ఊరు విడిచి వెళ్లారు. మొన్నమొన్నటిదాకా జిల్లా స్థాయిలో ఇవేవీ సరిగా దొరికేవి కావు. సర్వేలో ఒక్కో జిల్లాకు వచ్చే ఇళ్లు తక్కువ కాబట్టి రాష్ట్రం స్థాయి అంకెనే నమ్మాల్సి వచ్చేది. పైగా జిల్లాల ఎల్లలే మారిపోయాయి. తెలంగాణ 2016లో పది నుంచి 31 జిల్లాలైంది, ఇప్పుడు 33. ఆంధ్రప్రదేశ్ 2022లో 13 నుంచి 26 అయింది. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మార్చి, ఇళ్ల ఎంపికకు జిల్లానే ప్రాథమిక విభాగంగా తీసుకున్నారు. ఇళ్ల సంఖ్య పెంచారు, నెలనెలా ఫలితాలు ఇస్తున్నారు. మన జిల్లా గురించి మనం నమ్మదగిన అంకెతో మాట్లాడుకునే వీలు ఇప్పుడిప్పుడే వస్తోంది.

ఆ అంకె ఎంత మంచిదన్నది మీ గుమ్మంలో ఇచ్చే జవాబు మీద కూడా ఆధారపడుతుంది. సర్వే మనిషి మీ ఇంటికి వస్తే తొందరపడి పంపించేయకండి. పుణెలో ఉన్న కొడుకు ఎన్నాళ్ల కిందట వెళ్లాడో చెప్పండి. మీ భార్య ఏం చేస్తుందని అడిగితే 'ఇంట్లోనే ఉంటుంది' అనే ముందు, ఆమె పత్తి ఏరిన నలభై రోజులు గుర్తు చేసుకోండి. వీలైతే ఆమెనే పిలిచి, ఆమెనే చెప్పనివ్వండి.